పచ్చగుడ్డ ముందు తుఫాను

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది సుహాసిని రాజాంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. తుఫాను తీరం దాటే ముందు రోజు సాయంత్రం చినవలసలో వాళ్ల ఇంటి వసారాలో వీధి వీధంతా చేరి టీవీ చూసింది. తెరమీద కోటు తొడుక్కున్న ఒకాయన రాష్ట్రం పటం ముందు నిలబడి చేతులు తిప్పుతున్నాడు. నెల్లూరు కనిపిస్తోంది. ఒంగోలు కనిపిస్తోంది. బందరు, కాకినాడ కూడా కనిపిస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా మాత్రం ఆయన భుజం వెనక ఉండిపోయింది. తుఫాను వస్తున్నదేమో సరిగ్గా ఆ భుజం వెనక్కే.

"బాబూ, ఓపాలి పక్కకి జరుగు నాయనా, మా ఊరు సూసుకుంటాం" అంది సుహాసిని తల్లి నారాయణమ్మ, టీవీతో.

ఆయన జరగలేదు. బులెటిన్ అయిపోయేదాకా జరగలేదు. అయిపోయాక చిరునవ్వు నవ్వి, సురక్షితంగా ఉండండి అని చెప్పి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయాయి.

కొందరికి ఆశయాలు ఎవరినో చూసి, గౌరవించి పుడతాయి. సుహాసినికి ఒళ్లుమండి పుట్టింది. ఆ పని తను ఇంతకన్నా బాగా చేయగలనని ఆమెకు ఆ సాయంత్రమే అనిపించింది. కనీసం పక్కకు జరిగి నిలబడగలదు కదా.

డిగ్రీలో ఫిజిక్సు, లెక్కలు మంచి మార్కులతో పూర్తిచేసి, విశాఖపట్నంలో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీలో చేరింది. ఊళ్లో ఇది ఎవరికీ అర్థం కాలేదు. గాలీ వానా చదువుకోవడానికి అంత దూరం వెళ్లాలా, గుమ్మంలోకి వచ్చి చూస్తే కనిపించదా అని నవ్వారు. తండ్రి నరసింగరావు వరి, మొక్కజొన్న పండించే మనిషి. కూతురి చదువు పేరు ఆయనకు నోరు తిరిగేది కాదు. అడిగిన వాళ్లకల్లా మా పిల్ల వానల సదువు సదువుతన్నాది అని చెప్పేవాడు. చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడేవాడు కూడా. ఇంజనీరింగు కాదు, నర్సింగు కాదు, టీచరు ట్రైనింగు కాదు. వానలు.

ఆ చదువు వానల కథ కాదని సుహాసినికి మొదటి నెలలోనే తెలిసింది. వేడి గాలి పైకెళ్తే ఏమవుతుందో చెప్పడానికి లెక్క మీద లెక్క చేయాలి. సముద్రం మీద ఎంత వేడి ఉంటే అల్పపీడనం బలపడుతుంది, పైన ఏ ఎత్తులో ఏ గాలి వీస్తే దాని నడుం విరుగుతుంది, ఉపగ్రహం పంపిన బొమ్మలో తెల్లగా కనిపించేదంతా వానేనా కాదా, ఇవన్నీ కంప్యూటరు ముందు కూర్చుని తేల్చాలి. ఆమెకు అది నచ్చింది. తనతో చదివేవాళ్లు వాతావరణ శాఖ పరీక్షలు రాస్తామనేవారు. కొందరు పరిశోధనకు వెళ్తామనేవారు. ఇంకొందరు గాలిమరల కంపెనీలకూ పంటల బీమా కంపెనీలకూ సూచనలు అమ్మే సంస్థల్లో చేరతామనేవారు. టీవీ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఒకరోజు సుహాసిని ఎత్తితే పాఠం చెప్పే పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, టీవీకి మన చదువు అక్కర్లేదమ్మా, మన చదువుకి టీవీ అక్కర్లేదు, ఇద్దరం సుఖంగా ఉన్నాం అన్నాడు.

ఆమె ఆ మాట నమ్మలేదు. నమ్మి ఉంటే ఈ కథ లేదు.

ఎమ్మెస్సీ అయిన వేసవిలోనే విజయనగరంలో ఒక ప్రాంతీయ ఛానెల్ వాళ్లు వాతావరణం చెప్పడానికి మనుషులు కావాలని ప్రకటించారు. ఆ ఛానెల్ పేరు ఇక్కడ చెప్పి దానికి ఉచితంగా ప్రచారం చేయడం ఎందుకు. ప్రకటనలో అర్హతలు ఇలా ఉన్నాయి: ఆకర్షణీయమైన రూపం, స్పష్టమైన ఉచ్చారణ, ఏదైనా డిగ్రీ. సుహాసిని ఆ వరుసను రెండుమూడుసార్లు చదువుకుంది. రూపం ముందు వచ్చింది. ఉచ్చారణ తర్వాత వచ్చింది. చదువు చిట్టచివర వచ్చింది, అదీ ఏదైనా ఫరవాలేదట. అయినా, అక్షరాలా ఆ శాస్త్రమే చదివిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే కాదనే మూర్ఖులు ఉంటారా అనుకుంది.

ఇంటర్వ్యూకి ఆమెను బండి మీద తీసుకెళ్లింది బావ గిరిబాబు. నారాయణమ్మ అన్నగారి కొడుకు. వాళ్లది నెల్లిమర్ల. అతని తండ్రి జూట్ మిల్లులో పని చేసి రిటైరయ్యాడు. గిరిబాబు మాత్రం గొంతుతో బతుకుతున్నాడు. పెళ్లిళ్లలో, ఆర్కెస్ట్రాల్లో మైకు పట్టుకుంటాడు. శ్రావణమాసం వస్తే ఆటోకి మైకు కట్టించుకుని చీరల డిస్కౌంటు ప్రకటిస్తూ ఊళ్లు తిరుగుతాడు. బీఏలో ఎకనామిక్సు పేపరు ఏళ్ల తరబడి మిగిలే ఉంది. వచ్చే సంవత్సరం రాస్తానని ప్రతి సంవత్సరం అంటాడు. ఆరోజు సాయంత్రం చీపురుపల్లిలో ఏదో పెళ్లి రిసెప్షన్ ఉందని ముదురు నీలం కోటు తొడుక్కునే బండి నడిపాడు. మే నెల ఎండలో కోటు తొడుక్కుని బండి నడిపే మనిషిని చూసి సుహాసిని దారి పొడవునా పెదవి విరుస్తూనే ఉంది.

మంచిదని, శుభమని నారాయణమ్మ పట్టుబట్టి కూతురికి ఆకుపచ్చ చీర కట్టించి పంపింది. అక్కడే దెబ్బ తగిలింది.

ఛానెల్లో వార్తలన్నీ చూసుకునేది చంద్రమౌళి అనే ఆయన. పట్నంలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. అన్నదమ్ములు కొట్టు చూసుకుంటే ఈయన ఛానెల్లో వాటా పెట్టి వార్తల మీద కూర్చున్నాడు. సుహాసినిని ఒక గదిలోకి తీసుకెళ్లి గోడకు కట్టిన పచ్చటి గుడ్డ ముందు నిలబెట్టారు. వెనక పటం ఏమీ ఉండదని, ఉత్త పచ్చగుడ్డే ఉంటుందని, పటాన్ని కంప్యూటరులో తర్వాత అతికిస్తారని ఆమెకు అప్పుడే తెలిసింది. పచ్చగా ఉన్న చోటల్లా పటం వస్తుందని కూడా అప్పుడే తెలిసింది. పక్కనున్న చిన్న టీవీలో చూసుకుంటే బంగాళాఖాతం మీద ఒక తలకాయ, రెండు చేతులు తేలుతున్నాయి. చీర ఉండాల్సిన చోట ఒడిశా ఉంది.

కెమెరా అబ్బాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. సుహాసిని నవ్వలేదు. తలకాయతోనే, చేతులతోనే, ఆరోజు ఉపగ్రహ చిత్రంలో ఏముందో, వానలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో శుభ్రంగా వివరించింది. చంద్రమౌళి మధ్యలో ఫోను చూసుకున్నాడు. ఆమె ముగించాక మర్యాదగానే మాట్లాడాడు.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. నేను కాదనను. కానీ అందులో ఊపు లేదు."

సరిగ్గా అప్పుడు అవతల గదిలో గిరిబాబు ఫోన్లో పెళ్లివాళ్లతో మాట్లాడుతున్నాడు. వధూవరులను ఎలా పిలవాలో, ఏ పాటకు ఎవరు రావాలో గంభీరంగా చెబుతున్నాడు. ఆ గొంతు గోడ దాటి లోపలికి వచ్చింది. చంద్రమౌళి చెవి రిక్కించాడు. ఎవరా గొంతు అని అడిగాడు. మా బావ, నన్ను దింపడానికి వచ్చాడు అంది సుహాసిని. లోపలికి పిలవమన్నాడు. వచ్చిన మనిషికి కోటు కూడా ఉంది.

ఆరోజు ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. గిరిబాబు వాతావరణం చెబుతాడు. సుహాసిని అతను చెప్పవలసింది రాస్తుంది. తిరిగొచ్చేటప్పుడు గిరిబాబే బండి ఆపి, కొబ్బరిబొండాల కొట్టు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"నేనేటి సెయ్యను సుహాసినీ. నీకొద్దంటే నేనూ మానీస్తాను. నాకు వానంటే గొడుగెయ్యడమే తెలుసు."

వద్దంటే నిజంగానే మానేసేవాడు. అతనిలో కపటం లేదు. అదే ఆమెకు ఇంకా కంపరం పుట్టించింది. కపటం ఉంటే తిట్టుకోవచ్చు. చేరమని చెప్పింది. తను రాసింది తప్పు లేకుండా చదివితే చాలు, మాట తనది, నోరు అతనిది, జనానికి కావాల్సింది అందుతుంది కదా అనుకుంది. చదువుకున్న వాళ్లకు ఉండే వెర్రి నమ్మకాల్లో ఇదొకటి.

మొదటి వారంలోనే తేలిపోయింది. ఆమె "అక్కడక్కడా తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు" అని రాస్తే చంద్రమౌళి కొట్టేసేవాడు. అక్కడక్కడా అంటే ఎవడు చూస్తాడు, ఎక్కడో ఒక చోట కుంభవృష్టి పడాలి కదా అనేవాడు. ఆమె అల్పపీడనం అని రాస్తే తెరమీద వాయుగుండం అయ్యేది. వాయుగుండం అని రాస్తే తుఫాను అయ్యేది. ఇవి ఒకదాని కంటే ఒకటి పెద్దవని, గాలి వేగాన్ని బట్టి పెట్టిన పేర్లని, ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఇవి చీరల రకాలు కావని ఆమె ఒకసారి చెప్పింది. చీరల మాట చంద్రమౌళికి తగలాల్సిన చోట తగిలింది. అయినా నవ్వేశాడు. కొట్లో కూడా కొనేవాడికి కావాల్సిన రంగే చూపిస్తామమ్మా అన్నాడు.

గిరిబాబు పేరు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. ఏ మాటనైనా ఆ గొంతులో పెడితే బరువు వచ్చేది. మబ్బు పట్టవచ్చు అన్నా మంగళసూత్రధారణ ముహూర్తం ప్రకటించినట్టు ఉండేది. పటం మీద భోగాపురం చూపించబోయి బొబ్బిలి మీద చెయ్యి పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. బజారులో ఫోటోలు దిగేవారు. రాజాంలో ఒక కాలేజీవాళ్లు అతన్ని వాతావరణ శాస్త్రవేత్తగా పిలిచి, ఈ రంగంలో ఉద్యోగావకాశాల మీద విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పమన్నారు. పాపం, గిరిబాబు భయపడి మరదలి దగ్గరికే వచ్చాడు. ఆమె పళ్లు బిగించుకుని ఉన్నదున్నట్టు రాసిచ్చింది: ఏ డిగ్రీ చదవాలి, ఏ పరీక్షలు రాయాలి, ఎక్కడెక్కడ కొలువులుంటాయి, ఎన్ని తక్కువగా ఉంటాయి. అతను వేదికెక్కి మొదటి వాక్యం చదివేసరికి పిల్లలు ఆవులించారు. మైకు పట్టిన మనిషికి ఆవలింత కన్నా పెద్ద ప్రమాదం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆత్మవిశ్వాసం ఉంటే ఆకాశం మన చేతిలో ఉంటుంది అని అందుకున్నాడు. చప్పట్లు మోగిపోయాయి. శాలువా కప్పారు.

చినవలసలో నరసింగరావు ఇప్పుడు సిగ్గుపడటం మానేశాడు. సాయంత్రమయ్యేసరికి వసారాలో కుర్చీలు వేయించేవాడు. మా మేనల్లుడు తుఫాను సెప్తాడు, రండి అని పిలిచేవాడు. మరి అమ్మాయి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, అదీ అక్కడే, ఏదో రాస్తాది అనేవాడు. ఈ సంగతి తల్లి ఫోన్లో నవ్వుతూ చెప్పింది. సుహాసిని నవ్వుతూనే విని ఫోను పెట్టేసి, ఆ పూట అన్నం తినలేదు.

ఆ ఏడు సాంబమసూరి వరి ఏపుగా వచ్చింది. కోతలు ఇంకా మొదలుకాలేదు. కంకి వంగింది గానీ గింజ గట్టిపడటానికి కొన్నాళ్లు కావాలి. అప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. వాతావరణ శాఖ బులెటిన్‌లో స్పష్టంగా ఉంది: ఇది బలపడి వాయుగుండం అవుతుంది, తీరానికి రాకముందే సముద్రంలోనే బలహీనపడుతుంది, ఉత్తరాంధ్రలో తేలిక నుంచి మోస్తరు వానలు పడతాయి. సుహాసిని తను చదివిన చదువంతా పెట్టి మళ్లీ చూసుకుంది. పైగాలులు దాన్ని నిలవనివ్వవు. ఆమె అలాగే రాసింది. కింద రైతుల కోసం ఒక మాట ప్రత్యేకంగా చేర్చింది: నిలిచి ఉన్న పంటకు భయం లేదు, తొందరపడి కోయవద్దు, కోస్తే పొలంలో పరిచిన పనలు తడుస్తాయి.

చంద్రమౌళి అది చదివి, బానే ఉంది అని పక్కన పెట్టాడు. సాయంత్రం తెర మొత్తం ఎర్రగా అయిపోయింది. సుడులు తిరిగే చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ వచ్చి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీద కూర్చుంది. ఆ చక్రం మూడేళ్ల కిందట ఇంకెక్కడో వచ్చిన తుఫాను బొమ్మ. ఉత్తరాంధ్రను మింగడానికి వస్తున్న రాకాసి అని గిరిబాబు చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, అదంతా అబద్ధమని తెలిసిన సుహాసినికి కూడా ఒక్క క్షణం నిజమేమో అనిపించింది.

ఆమె వెంటనే బయటికి వచ్చి తండ్రికి ఫోను చేసింది. తుఫాను రాదని, తను రాసింది గిరిబాబు చదవలేదని చెప్పింది. చేను ముట్టుకోవద్దని చెప్పింది. నరసింగరావు అంతా విన్నాడు.

"నువ్వు సెప్పేది ఫోన్లో సెప్తన్నావమ్మా. ఆడు టీవీలో సెప్తన్నాడు. ఎర్రగా సూపిస్తన్నారు. ఊరంతా కొడవళ్లట్టుకుని ఎల్పోతన్నాది, నానొక్కడినీ కూకోమంటావేటి?"

"ఆ టీవీకి రాసేది నేనే కదా నాన్నా."

"నువ్వు రాసింది ఆడు సెప్పలేదంటన్నావు కదా. మరి అక్కడోలే నీ మాట ఇన్నేదు, నన్నెలగ ఇనమంటావు?"

ఆయన అవమానించాలని అన్న మాట కాదు. ఆయనకు నిజంగా అలాగే తోచింది. తర్వాత గిరిబాబు చేత నిజం చెప్పించాలని లోపలికి వెళ్లింది. అతను అప్పటికే మళ్లీ ప్రత్యక్ష ప్రసారంలో ఉన్నాడు. ముఖం మీద చెమటను సముద్రపు తుంపరైనట్టు తుడుచుకుంటున్నాడు.

చినవలసలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటా పచ్చి తగ్గని వరి కోసేశారు. కూలీలు దొరక్క ఆడా మగా చేతికి దొరికింది పట్టుకుని దిగారు. కోసినదాన్ని కుప్ప పెట్టడానికి ఆరలేదు, ఇంటికి తేవడానికి వీల్లేదు. పనలు పొలంలోనే పరిచి ఉండగా వాన మొదలైంది. తేలిక నుంచి మోస్తరు. సరిగ్గా ఆ రెండు మాటలే. గాలి లేదు, ఉరుము లేదు, రాకాసి లేదు. ముసురు పట్టి విసుగూ విరామం లేకుండా చినుకులు పడుతూనే ఉన్నాయి. కోయని చేలు ఊళ్లో రెండో మూడో ఉన్నాయి. వాటి యజమానులు బద్ధకస్తులు. వాళ్ల వరి తలలు దులుపుకుని నిలబడింది. కోసిన వాళ్ల పనలు నీళ్లలో నాని, ఎండ మొహం చూసేసరికి మొలకలెత్తాయి.

సుహాసిని సెలవు పెట్టి ఊరికి వచ్చింది. తండ్రితో కలిసి పొలంలోకి దిగి పనలు తిరగేసింది. కంకి కంకికీ తెల్లటి మొలకలు, పిల్లి మీసాల్లా. నరసింగరావు తల ఎత్తకుండా పనలు తిప్పుతూ పోయాడు. ఆమె చెప్పానా అనలేదు. అనాలని గొంతుదాకా వచ్చింది. బురదలో వంగి ఉన్న ఆయన వీపు చూసి మింగేసింది. ఆరోజు ఆమెకు కలిగిన కోపంలో తండ్రి మీద కొంచెమే ఉంది. మిగిలినదంతా దాచుకుని మర్నాడు విజయనగరం వెళ్లింది.

చంద్రమౌళి ముందు నిలబడి, మన ప్రసారం తప్పని చెప్పాలి, రైతులు దాన్ని నమ్మి నష్టపోయారని తెరమీద ఒప్పుకోవాలి అంది. ఫోన్లో తీసుకొచ్చిన పొలం బొమ్మలు చూపించింది. ఆయన వాటిని శ్రద్ధగా చూశాడు. కళ్లు మెరిశాయి. ఇది ఏ ఊరు, కెమెరా పంపిస్తాను అన్నాడు. ఆమెకు ఆశ్చర్యమేసింది. మనుషుల్ని తొందరపడి తూకం వేశానేమోనని కొంచెం నొచ్చుకుంది కూడా.

కెమెరా వెళ్లింది. గిరిబాబు కూడా వెళ్లాడు. సాయంత్రం ఆఫీసులో అందరితో కలిసి సుహాసిని చూసింది. తెరమీద వాళ్ల పొలం. మొలకెత్తిన పనలు. పైన పెద్ద అక్షరాలు: తుఫాను బీభత్సం, ముందే చెప్పిన మన ఛానెల్. లుంగీ పైకి కట్టి, చేతిలో మొలకలెత్తిన కంకి పట్టుకుని ఆమె తండ్రి నిలబడి ఉన్నాడు. గిరిబాబు మైకు పెట్టాడు.

"టీవీవోలు ముందే సెప్పబట్టి కోసీసినాం బాబూ," అన్నాడు నరసింగరావు కెమెరా వైపు చూస్తూ. "నేకపోతే ఇదీ దక్కీది కాదు."

ఎవరూ ఆయనకు ఆ మాటలు నేర్పలేదు. ఆయనంతట ఆయనే అన్నాడు. జీవితంలో మొదటిసారి టీవీలో కనిపిస్తున్న మనిషి, మేనల్లుడు మైకు పెడితే, తను వెర్రివాడినయ్యానని చెప్పుకుంటాడా? ఆయన వెనక నారాయణమ్మ కొంగు సర్దుకుంటోంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చంద్రమౌళి సుహాసిని వైపు తిరిగి, కథ తెచ్చింది మీరే, చాలా బాగుంది అన్నాడు.

ఆ అభినందన తర్వాత ఆమె ఛానెల్ మెట్లు మళ్లీ ఎక్కలేదు.

రాజాంలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, తోటివాళ్లు ఎప్పుడో రాసేసిన వాతావరణ శాఖ పరీక్షకు చదవడం మొదలుపెట్టింది. మొదటిసారి పోయింది. ఆ కాలంలోనే కిరాణా వ్యాపారి గోవిందరావు కూతురు పింకీ, ఆమె క్లాసులో పిల్ల, ఒకరోజు బెరుగ్గా వచ్చి టీవీలో వాతావరణం చెప్పాలంటే ఏం చదవాలి మేడం అని అడిగింది. సుహాసినికి నాలుక చివరికి చాలా మాటలు వచ్చాయి. కోటు కొనుక్కో, మైకు పట్టుకో, పచ్చచీర కట్టకు.

"వాతావరణం తెలుసుకోవాలంటే లెక్కలూ ఫిజిక్సూ చదువు. టీవీలో చెప్పాలంటే ఏదీ చదవక్కర్లేదు" అంది చివరికి.

"రెండూ కావాలంటే మేడం?"

పిల్ల వెటకారానికి అడగలేదు. తిత్లీ ముందు రోజు టీవీ చూసి తను అనుకున్నది కూడా ఇదేనని సుహాసినికి గుర్తొచ్చి, తన మాటకు తనకే సిగ్గేసింది. ముందు లెక్కలు చదువు, రెండోది అప్పుడు చూద్దాం, ఈలోగా ఆ ఉద్యోగాలిచ్చేవాళ్లు కూడా మారతారేమో అని చెప్పి పంపేసింది. మారతారని తను నమ్మడం లేదని పిల్లకు చెప్పలేదు.

రెండోసారి పరీక్ష పాసైంది. కొన్నాళ్లు బయట రాష్ట్రంలో శిక్షణ అయ్యాక తీరాన ఒక చిన్న వాతావరణ కేంద్రంలో వేశారు. అక్కడ ఎవరూ ఫోటోలు దిగరు. వానకొలత పాత్రలో నీళ్లు ఎంత ఉన్నాయో చూడాలి, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో చూడాలి, నీడలో పెట్టిన థర్మామీటరు చూడాలి, అవన్నీ వేళకు పైకి పంపాలి. మేకలు కంచె దూరి లోపలికి వస్తే తోలాలి. ఇంత చదివింది దీనికా అని చుట్టాలు అడిగారు. ఆమె మాత్రం ఆ పనిలో కుదురుకుంది. తను చూసిన అంకెను ఊపు లేదని మార్చేవాడు అక్కడ లేడు.

ఆ ఏడు కోతల వేళకు మళ్లీ అల్పపీడనం పుట్టింది. ఈసారి అది కదులుతున్న తీరు వేరు. తీరం దాకా రావచ్చు, మూడోనాటి నుంచి గట్టి వానలు పడవచ్చు అని బులెటిన్ వచ్చింది. పంట పూర్తిగా పండి ఉంది. ఈలోగా కోసి, నూర్చి, గింజ ఇంటికి చేర్చుకోవడానికి వ్యవధి ఉంది. ఆమె ఫోను తీసేలోగానే ఫోను మోగింది. నరసింగరావు. పాత సంగతి ఎత్తలేదు. ఊళ్లో నలుగురు పక్కనే ఉన్నట్టు తెలుస్తోంది, ఫోను స్పీకర్లో పెట్టాడు.

"ఏటమ్మా, కొయ్యాలా వద్దా?"

"వాన పడే అవకాశం ఎక్కువే నాన్నా. డెబ్బై, ఎనభై శాతం."

"శాతాలొద్దే. వస్తాదా, రాదా?"

"వస్తుందనుకుని మిషను పెట్టి కోయించండి. రేపే."

సరేనని పెట్టేశాడు. ఆమెకు గుండె నిండినట్టయింది. కాసేపే. మళ్లీ ఫోను మోగింది. ఈసారి గిరిబాబు. ఛానెల్లో వాతావరణం వేళను జాతకాలాయనకు ఇచ్చేశారట, ఇతన్ని పొద్దున వంటల కార్యక్రమంలోకి మార్చారట. కానీ అతను ఫోను చేసింది అది చెప్పడానికి కాదు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఒసే, మావ నాకు ఫోన్ సేసినాడు. కొయ్యాలా వద్దా అంటన్నాడు. ఇప్పుడే సెప్తానని పెట్టీసినాను. ఏటి సెప్పమంటావు?"

సుహాసిని కుర్చీలో వెనక్కి వాలింది. తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తేలలేదు. కోయమని చెప్పు, నీ గొంతుతో గట్టిగా చెప్పు అంది. అతను గట్టిగానే చెప్పాడు. మర్నాడు చినవలస చేలలోకి కోత మిషన్లు దిగాయి. వాన చెప్పిన రోజునే పడింది. అప్పటికి గింజ ఇళ్లకు చేరింది. మేనల్లుడూ కూతురూ ఇద్దరూ ఒక్క మాటే చెప్పారు కాబట్టి నమ్మానని నరసింగరావు ఊరంతా చెప్పుకున్నాడట. మేనల్లుడి పేరు ముందు చెప్పాడని నారాయణమ్మ ఫోన్లో కొంచెం బాధపడింది. పోనీలే అమ్మా, ధాన్యం తడవలేదు కదా అంది సుహాసిని. బయట వాన జోరందుకుంది. గొడుగు వేసుకుని, పాత్రలో నీళ్లు కొలవడానికి వెళ్లింది.